రిటార్షన్ అంటే ప్రతీకారమేనా? రొయ్యల సుంకం వార్తలో తగిలిన మాట

పాలకొల్లు_చెరువు
6 సెప్టెంబరు 2025, ఉదయం 6:48

అందరికీ నమస్కారమండి. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది కదా, దాని మీద ఒక ఇంగ్లీషు వ్యాసం చదివాను. మా ఆక్వా రైతుల వాట్సాప్ గ్రూపులో తెలుగులో పెట్టమని నన్ను తగులుకున్నారు, డిగ్రీ చదివిన పాపానికి. అంతా బాగానే సాగింది గానీ ఒక వాక్యం దగ్గర బండి దిగబడిపోయింది. భారత్ ముందు రిప్రైజల్ ఉంది, రిటార్షన్ ఉంది, ఊరుకోవడమూ ఉంది అని రాశాడాయన. డిక్షనరీ తీస్తే రిప్రైజల్ అంటే ప్రతీకారం. రిటార్షన్ అన్నా ప్రతీకారమే. "మన ముందు ప్రతీకారం ఉంది, ప్రతీకారం కూడా ఉంది" అని పెడితే మావాళ్ల ఎటకారం సంక్రాంతి దాకా ఆగదు. తేడా ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

గోదారి_గాలి
ఉదయం 7:05

ఇందులో ఏముందండీ. ఒకటి దెబ్బకి దెబ్బ, ఇంకోటి కుక్కకాటుకి చెప్పుదెబ్బ. రెండూ రాసి పడెయ్యండి. రొయ్యల కౌంటు రేటు పడిపోయి చెరువు పట్టాలా వద్దా అని మేం తల పట్టుకుంటే తమరికి డిక్షనరీ గొడవ.

కాకినాడ_మాస్టారు
ఉదయం 7:40

గాలి గారూ, రేటు ఎందుకు పడిందో తెలియాలంటే డిక్షనరీ గొడవ కూడా కొంత పడాలి.

రిటార్షన్ చాలా అరుదైన మాట. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను, క్లాసులో ఒక్కసారి కూడా దాని అవసరం రాలేదు. లాటిన్‌లో మెలిపెట్టడం అనే ధాతువు నుంచి వచ్చింది. టార్చర్, టార్షన్, డిస్టార్ట్, ఇంజిన్లకి చెప్పే టార్క్, అన్నీ ఆ వంశమే. ముందు 'రీ' చేరితే వెనక్కి మెలితిప్పడం. ఎవరైనా ఒక మాటంటే దాన్ని వాళ్ల మీదికే తిప్పికొట్టడాన్ని రిటార్ట్ అంటాం చూడండి, రిటార్షన్ దానికి తోబుట్టువు.

రిప్రైజల్ వేరే ఇంటి పిల్ల. దాని మూలంలో ఉన్నది తిరిగి పట్టుకోవడం, లాక్కోవడం. మధ్యయుగాల ఐరోపాలో ఒక వర్తకుడి సరుకు పరాయి రాజ్యంలో దోపిడీ అయి అక్కడ న్యాయం దొరక్కపోతే, ఆ రాజ్యంవాళ్ల సరుకు ఎవరిదైనా సరే పట్టుకుని నష్టం రాబట్టుకోమని రాజు చీటీ రాసిచ్చేవాడు. లెటర్స్ ఆఫ్ మార్క్ అండ్ రిప్రైజల్ అంటారు వాటిని. సముద్రం మీద ఆ పద్ధతికి 1856 పారిస్ ప్రకటనతో చాలా దేశాలు స్వస్తి చెప్పాయి. అమెరికా రాజ్యాంగంలో మాత్రం ఆ చీటీలిచ్చే అధికారం కాంగ్రెస్‌కి ఉందన్న మాట ఇవాల్టికీ అలాగే ఉంది.

ఇక వాడుక. దీన్ని క్రియగా వాడరు. 'యాన్ యాక్ట్ ఆఫ్ రిటార్షన్', 'బై వే ఆఫ్ రిటార్షన్', ఇలాగే వస్తుంది. పలికేటప్పుడు 'టార్' మీద ఊనిక. చివర 'షన్' దగ్గర ఎస్ రాస్తారు, టీ రాసినవాళ్లూ ఉన్నారు. ఇద్దరు మనుషుల మధ్య కక్షకి ఈ మాట వాడితే ఇంగ్లీషువాళ్లు కూడా వింతగా చూస్తారు. దేశానికీ దేశానికీ మధ్య సంగతే ఇది.

పాలకొల్లు_చెరువు
ఉదయం 7:52

పుట్టుక తెలిసింది మాస్టారూ, తేడా ఇంకా చేతికి రాలేదు. ఇద్దరూ తిరిగి కొట్టేవాళ్లే కదండీ?

భీమవరం_వకీలు
ఉదయం 8:30

తేడా కోపంలో లేదు, చేసిన పనిలో ఉంది. మన పొలాల్లోకే దించి చెబుతాను.

మీ రొయ్యల చెరువు పక్కన నా వరిచేను ఉందనుకోండి. మీరు ఉప్పునీళ్లు పెట్టారు. గట్టు వారన ఊట కాలువ తవ్వమంటే తవ్వలేదు. దాళ్వాలో మీ గట్టు వెంబడి నా చేలో పిలకలు ముందు కొసలు ఎర్రబడ్డాయి, తరవాత పట్టీ పట్టీగా మాడిపోయాయి. మడిలో తెల్లగా ఉప్పు తేలింది. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాను, మీరు రాలేదు.

మీ మేత బస్తాల ట్రాక్టరు నా కళ్లం మీదుగా వెళ్తోంది. రాతకోతలేం లేవు, నా మంచితనం కొద్దీ వెళ్లనిస్తున్నాను. రేపటినుంచి వెళ్లడానికి లేదని తాడు కట్టేశాను. మీకు ఊరు చుట్టి రావాల్సిన తిప్పలు. కోపంతోనే కట్టాను, మీకు నొప్పి తగలాలనే కట్టాను. అయినా మన మధ్య ఏ తగాదా లేని రోజున కూడా ఆ తాడు కట్టే హక్కు నాకుంది. ఇది రిటార్షన్.

అలా కాకుండా, రాత్రిపూట పార పట్టుకెళ్లి మీ గట్టుకి గండి కొట్టాను. మామూలు రోజున అది నేరం. 'ముందు నువ్వు నా చేను చెడగొట్టావు' అన్నదొక్కటే నా సమర్థన. ఇది రిప్రైజల్ దారి. ఊళ్లో అయితే ఆ సమర్థన చెల్లదు, పైన ఠాణా ఉంది, కోర్టు ఉంది. దేశాల మీద అలాంటి ఠాణా లేదు కాబట్టి, కొన్ని షరతులకి లోబడి ఆ సమర్థనని అంతర్జాతీయ న్యాయం ఒప్పుకుంటుంది.

కాబట్టి వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: అవతలివాడు ఏ తప్పూ చేయకపోయినా ఈ పని చేసే హక్కు మనకుందా? ఉంటే రిటార్షన్. లేకపోతే ఇంకోటి.

దాళ్వా_రైతు
ఉదయం 8:41

వకీలు గారు చెప్పినది బాగుందిగానీ ఆ కళ్లం ముక్క దగ్గర నాకో సందేహం. ఆ ట్రాక్టరు దారి మా తాతల నాటి ఎడ్లబండి దారి అయితే? మా పక్క ఊళ్లో సరిగ్గా ఇలాగే తాడు కట్టారు. కట్టినాయనే స్టేషను చుట్టూ తిరుగుతున్నాడు.

భీమవరం_వకీలు
ఉదయం 9:10

సరైన చోట పట్టుకున్నారు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షను ప్రకారం 20 ఏళ్లపాటు బాహాటంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచిన దారి నడిచినవాడి హక్కు అయిపోతుంది. 'అన్నా, ఈ పంటకి నీ కళ్లంలోంచి తోలుకుంటా' అని అడిగి నడిచినది వేరు, దాన్ని లైసెన్సు అంటారు, ఇచ్చినవాడు మామూలుగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. అది పుంత అయితే అసలు మీదీ కాదు, ఆయనదీ కాదు, ఊరిది. అంటే తాడు కట్టేముందు ఆ దారి ఏ రకమో తేల్చుకోవాలి. హక్కుగా నడిచిన దారికి తాడు కట్టారా, రిటార్షన్ అనుకుని గండి కొట్టినట్టే లెక్క.

దేశాల దగ్గరా సరిగ్గా ఇదే తగువు. మర్యాద కొద్దీ ఇచ్చినది ఆపేస్తే రిటార్షన్. ఒప్పందం రాసి ఇచ్చినది ఆపేస్తే కాదు.

కోనసీమ_ఆయ్
ఉదయం 10:15

ఆయ్, అలాగైతే మేం 2011లో చేసింది రిటార్షనే అన్నమాట. గిట్టుబాటు ధర లేదు, మురుగు కాలవల్లో పూడిక తియ్యరు, కూలీ ఖర్చులు పెరిగిపోయాయి, సార్వాకి నాట్లే వెయ్యం పొమ్మని పంట విరామం ప్రకటించాం. మా చేను, మా ఇష్టం. ఏ చట్టం తప్పింది? ఢిల్లీ దాకా అందరూ కోనసీమకి దారి కనుక్కున్నారు. మోహన్ కందా గారితో ప్రభుత్వం కమిటీ కూడా వేసింది.

కాకినాడ_మాస్టారు
ఉదయం 10:32

తర్కం సరిపోతుంది, మాట సరిపోదు. రైతుకీ ప్రభుత్వానికీ మధ్య జరిగితే దాన్ని నిరసన అంటారు, రిటార్షన్ అనరు.

గోదారి_గాలి
ఉదయం 10:34

మాకు కోపం వస్తే నిరసన, దేశాలకి కోపం వస్తే లాటిన్. మంచి న్యాయమే మాస్టారూ.

యానాం_రేవు
ఉదయం 11:20

ఒక్క సంగతి ఎవరూ అనలేదు. ఇంగ్లీషులో అరుదేమో గానీ ఫ్రెంచిలో ఇది రోజూ వినపడే మాటే. మా యానాంలో ఫ్రెంచి జాతీయత ఉన్న కుటుంబాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. మా పెదనాన్నగారి పిల్లలు పారిస్‌లో ఉంటారు. పండక్కి వచ్చినప్పుడు వాళ్ల ఫోన్లో వార్తలు మోగుతుంటే ఈ 'రెతోర్సియోఁ' పదిసార్లు వినపడుతుంది. అమెరికా యూరప్ మీద సుంకం వేసినా, యూరప్ తిరిగి వేసినా, అక్కడి పత్రికలకి అంతా 'మెజ్యూర్ ద రెతోర్సియోఁ'యే. వకీలు గారు తాడుకీ గండికీ మధ్య గీసిన గీత వాళ్లు గియ్యరు. ఎదురు దెబ్బ ఏదైనా ఆ మాటే. మీ వ్యాసం రాసినాయన ఫ్రెంచి చదివినవాడేమో చూడండి. అలా అయితే ఆ మాటని అంత గట్టిగా పట్టుకోనక్కర్లేదు.

భీమవరం_వకీలు
ఉదయం 11:45

ఇది నిజంగా పనికొచ్చే కబురు. కానీ పాలకొల్లు గారి వ్యాసంలో రిప్రైజల్‌నీ రిటార్షన్‌నీ పక్కపక్కన పెట్టి వేరు చేశాడంటే న్యాయశాస్త్రం అర్థంలోనే వాడాడు. రెండూ ఒకటే అనుకునేవాడు రెండు మాటలు ఖర్చు పెట్టడు.

రాజమండ్రి_గ్రూప్స్
మధ్యాహ్నం 12:30

నేను పోటీ పరీక్షలకి చదువుతున్నానండి. 2019లో మన దేశం అమెరికా బాదం, యాపిల్, వాల్‌నట్ లాంటి 28 సరుకుల మీద సుంకం పెంచింది కదా. దాన్ని రిటార్షన్ అని ఉదాహరణ రాయొచ్చా?

భీమవరం_వకీలు
మధ్యాహ్నం 1:05

పరీక్షలో అలా రాసి ఊరుకుంటే మార్కులు పోతాయి. 2018లో అమెరికా ఉక్కు మీద 25, అల్యూమినియం మీద 10 శాతం వేసింది. మనం అప్పుడే ఎదురు జాబితా తయారుచేసి, వాయిదాలు వేస్తూ వచ్చి, మన జీఎస్పీ రాయితీని వాళ్లు 2019 జూన్ 5న తీసేశాక, జూన్ 16 నుంచి అమలు చేశాం. ఇక్కడ రెండు పనులు విడిగా చూడాలి. జీఎస్పీ అన్నది పేద దేశాలకి తనంతట తాను ఇచ్చే రాయితీ, కళ్లంలో దారి లాంటిది. దాన్ని తీసెయ్యడం రిటార్షన్‌కి దగ్గరగా వస్తుంది.

మనం చేసినది అలా కాదు. ఏ సరుకు మీద గరిష్ఠంగా ఎంత సుంకం వేస్తామో ప్రతి సభ్య దేశమూ డబ్ల్యూటీవోలో (ప్రపంచ వాణిజ్య సంస్థలో) రాసిచ్చింది. ఆ గీత దాటితే మాట తప్పినట్టు. గీత లోపలే ఉన్నా, అందరికీ ఒక రేటు పెట్టి ఒక్క అమెరికాకి ఎక్కువ రేటు పెడితే సభ్యులందరినీ సమానంగా చూడాలన్న ఎంఎఫ్ఎన్ నియమం అడ్డొస్తుంది. అందుకే 'మాకిచ్చిన మాట మీరు తప్పారు, దానికి సమానంగా మేమిచ్చిన రాయితీ నిలిపేస్తున్నాం' అని సేఫ్‌గార్డ్స్ ఒప్పందం (స్వదేశీ పరిశ్రమని కాచుకునే సుంకాల మీద డబ్ల్యూటీవో ఒప్పందం) ఆసరాగా చెప్పుకున్నాం. దాన్ని రాయితీల నిలుపుదల అంటారు. అమెరికా ఒప్పుకోక డబ్ల్యూటీవోలో ఫిర్యాదు వేసింది, 2023లో రాజీ అయింది, కొన్ని సరుకుల మీద ఆ అదనపు సుంకాలూ తీసేశాం. మొన్న మే నెలలో కూడా ఉక్కు సుంకాల మీద అలాంటి నోటీసే మనవాళ్లు డబ్ల్యూటీవోకి ఇచ్చారు.

అన్నట్టు, రొయ్యల మీద అమెరికా 2024లో వేసిన కౌంటర్‌వెయిలింగ్ సుంకాన్ని ఇందులో కలపొద్దు. పేరులో కౌంటర్ ఉన్నా అది కక్ష కాదు, మన ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోందని లెక్కగట్టి దానికి విరుగుడుగా వేసేది.

ఉప్పాడ_హేచరీ
మధ్యాహ్నం 2:20

ఆ 28 వెనకాల మా కథ ఒకటుంది. 2018లో సుంకాల కోసం ప్రకటించిన జాబితాలో సరుకులు 29. ఆ తీసేసిన ఒక్కటీ ఆర్టీమియా, ఉప్పునీళ్లలో పెరిగే బుల్లి జీవి. ఎవరికీ తెలియని పేరు, రొయ్యపిల్లల్ని పుట్టించే మా హేచరీలకి మాత్రం ప్రాణం. డబ్బాల్లో వస్తుంది, మూత తీస్తే గోధుమరంగు మెత్తటి పొడి, నలకలంత గుడ్లు. ఉప్పునీళ్లలో పోసి అడుగునుంచి గాలి కొడితే ఒక రోజు తిరిగేసరికి పొదిగి, నారింజ రంగు మబ్బులా డ్రమ్మంతా కదులుతుంటుంది. రొయ్యపిల్లకి ఆ వయసులో అంత బాగా సరిపడే మేత ఇంకోటి లేదు. పేరున్న సరుకు అమెరికాలో యూటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తుంది. దాని మీద సుంకం వేసుంటే వాళ్లకంటే ముందు మన సీడు (రొయ్యపిల్ల) రేటు మండేది.

అందుకని పాలకొల్లు గారూ, మీ గ్రూపులో ఎవరైనా 'మనమూ వెయ్యాలి సుంకం' అని ఊగిపోతే ఈ డబ్బా సంగతి చెప్పండి.

దాళ్వా_రైతు
మధ్యాహ్నం 2:45

మరి ఏప్రిల్‌లో సింధు జలాల ఒప్పందాన్ని పక్కన పెట్టాం కదా, అది ఏ లెక్కలోకి వస్తుంది? కాలవ కింద బతికేవాళ్లం, నీళ్ల సంగతి అడక్కుండా ఉండలేం.

భీమవరం_వకీలు
మధ్యాహ్నం 3:00

రాసుకున్న ఒప్పందం కాబట్టి రిటార్షన్ అన్న మాట అక్కడ అతకదు. సమర్థించేవాళ్లు వేరే న్యాయసూత్రాలు చెబుతారు, తప్పుపట్టేవాళ్లూ వాటి మీదే వాదిస్తారు.

నిర్వాహకుడు
మధ్యాహ్నం 3:04

ఇక్కడితో సరిహద్దు రాజకీయం ఆపుదాం. తరవాత వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. మాట మీద చర్చ కొనసాగించండి.

రాజమండ్రి_గ్రూప్స్
మధ్యాహ్నం 3:30

సుంకాలు కాదంటే మరి పక్కాగా ఎవరూ కాదనలేని రిటార్షన్ ఉదాహరణ ఒకటి ఇవ్వండి సార్.

భీమవరం_వకీలు
సాయంత్రం 4:15

రాయబారుల్ని పంపెయ్యడం. 1961 వియన్నా ఒప్పందం తొమ్మిదో అధికరణం ప్రకారం ఏ దేశమైనా పరాయి దౌత్యవేత్తని ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, వెళ్లిపొమ్మనవచ్చు. 2024 అక్టోబరులో కెనడా మనవాళ్లు ఆరుగుర్ని పొమ్మంది, మనమూ వాళ్లవాళ్లు ఆరుగుర్ని పొమ్మన్నాం. ఎవరూ చట్టం దాటలేదు, ఇద్దరికీ మంట పుట్టింది. ఇంతకంటే శుద్ధమైన రిటార్షన్ దొరకదు. వీసాలు బిగించడం, సాయం ఆపెయ్యడం, మంత్రుల పర్యటన రద్దు చెయ్యడం కూడా, ఒప్పందం ఏదీ అడ్డం లేకపోతే, ఈ కోవలోవే.

కాస్త అంచు మీద నిలిచే ఉదాహరణ కావాలంటే 2013 డిసెంబరు చూడండి. న్యూయార్క్‌లో మన దౌత్యాధికారిణిని అరెస్టు చేశారని ఢిల్లీలో అమెరికా ఎంబసీ ముందున్న బారికేడ్లు మనవాళ్లు తీయించేశారు. ఎంబసీకి రక్షణ కల్పించడం మన బాధ్యత, అది ఒప్పందంలో ఉంది. రోడ్డు మీద అడ్డంగా పెట్టిన ఆ దిమ్మలు రక్షణలో భాగమా, అదనపు మర్యాదా? మర్యాద అయితే రిటార్షన్. నా మటుకు నాకు మర్యాదే అనిపిస్తుంది, కాదనేవాళ్లు లేకపోలేదు.

కాకినాడ_మాస్టారు
సాయంత్రం 4:40

వకీలు గారూ, రిప్రైజల్‌కి షరతులున్నాయన్నారు. అవీ చెప్పేస్తే పాలకొల్లు గారి తర్జుమా పూర్తవుతుంది.

భీమవరం_వకీలు
సాయంత్రం 5:20

అందరూ చెప్పేది నౌలిలా కేసు. 1914 అక్టోబరులో పోర్చుగీసువాళ్ల అంగోలాలో నౌలిలా అనే ఠాణాకి, పక్కనున్న జర్మన్ వలస నుంచి కొందరు వచ్చారు. పోర్చుగల్ అప్పటికి తటస్థ దేశం. ఒకరి భాష ఒకరికి రాదు, మధ్యనున్న దుబాసీకి అంతంతమాత్రం. మాటలు తారుమారై గొడవ ముదిరి ముగ్గురు జర్మన్లు చనిపోయారు. జర్మన్ సైన్యం పగబట్టి అంగోలాలోని ఠాణాల మీద వరసగా పడింది. 1928లో మధ్యవర్తులు జర్మనీదే తప్పని తీర్పిచ్చారు. పోర్చుగల్ ముందుగా చట్టం తప్పిందని లేదు, అది అపార్థం. పరిహారం ఇమ్మని జర్మనీ ముందు అడగలేదు. చేసిన దాడికీ జరిగిన నష్టానికీ పొంతన లేదు. ఆ మూడూ అప్పటినుంచి కొలబద్దలయ్యాయి.

1945లో ఐరాస చార్టరు వచ్చి, శాంతికాలంలో ఆయుధాలతో చేసే రిప్రైజల్‌కి చోటు లేకుండా చేసింది. ఆయుధాలు లేని రకానికి 2001లో అంతర్జాతీయ న్యాయ కమిషన్ కౌంటర్ మెజర్స్ అని పేరు స్థిరపరిచింది. పాతకాలపు రాతల్లో అన్నిటికీ రిప్రైజల్ అనే ఉంటుంది. రిటార్షన్‌కి మాత్రం ఈ షరతుల గొడవ లేదు. మన హక్కులోని పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గోదారి_గాలి
సాయంత్రం 5:31

అంటే దుబాసీ సరిగా లేక ఒక యుద్ధమే జరిగిపోయిందన్నమాట. పాలకొల్లు గారూ, జాగ్రత్తండోయ్.

పాలకొల్లు_చెరువు
రాత్రి 8:10

అందరికీ దండాలండి. గ్రూపులో ఇలా పెడదామనుకుంటున్నాను, తప్పులుంటే ఇప్పుడే చెప్పండి:

"మన ప్రభుత్వం ముందు మూడు దారులున్నాయి. ఒకటి, మన హక్కులోనే ఉన్న పనిని అమెరికాకి నొప్పి తగిలేలా చెయ్యడం. రెండు, వాళ్లు ముందు మాట తప్పారు కాబట్టి మనమూ అంతమేర మాట పక్కన పెట్టడం. మూడు, ఊరుకోవడం."

రిటార్షన్ అన్న మాట పెట్టలేదు. పెడితే అర్థం చెప్పమని రాత్రంతా ఫోన్లు. 'ప్రతీకారం' కూడా తీసేశాను, ఆ మాట కనపడితే మిగతాది ఎవరూ చదవరు.

కాకినాడ_మాస్టారు
రాత్రి 8:22

మాట పోయినా అర్థం వచ్చింది. 'అంతమేర' అన్నది ఎట్టి పరిస్థితుల్లోనూ తియ్యకండి.

భీమవరం_వకీలు
రాత్రి 8:30

రెండో దారికి 'ముందు నోటీసిచ్చి' అని చేర్చండి. దాళ్వా గారూ, మీ పక్క ఊరి దారి తగాదాకి అడంగల్ కాదు, ఊరి ఎఫ్ఎంబీ (సర్వే కొలతల) పటం నకలు తీయించమనండి. పుంత అయితే అందులో గీత ఉంటుంది.

పాలకొల్లు_చెరువు
రాత్రి 9:02

చేర్చి పెట్టేశానండి. పెట్టిన వెంటనే వచ్చిన మొదటి ప్రశ్న: "బాబాయ్, ఈ మూడింట్లో దేనికి రేటు పెరుగుద్ది?"